మొదటి గిటార్ పెడల్: ఏ విడిభాగం ఏదో గుర్తించడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి ఎల్‌పీబీ-1 నమూనాలో, గిటార్ శబ్దాన్ని పెంచే ఒక బూస్టర్ పెడల్ కట్టాలని కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొన్నారు. ఇంటికి వచ్చేసరికి అన్నీ ఒకే కవర్లో కలిసిపోయాయి. రెసిస్టర్ల మీద మీరు చదువుకున్నట్టు నాలుగు గీతలు కాక అయిదు ఉన్నాయి. కండెన్సర్లలో ఒకటి ఆకుపచ్చగా, ఒకటి పసుపుగా ఉన్నా రెంటి మీదా 104 అనే ఉంది. 2ఎన్5088 ట్రాన్సిస్టర్ లేదని దుకాణంలో బీసీ547 ఇచ్చారు. ఏది ఎక్కడ పెట్టాలో, ఏ కాలు ఎటు తిప్పాలో తేలక సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకుండానే ఆగిపోయారు. అలా ఆగడమే సరైన పని, ఎందుకంటే టంకం పెట్టాక తప్పును వెతకడానికి పట్టే సమయంలో పదో వంతు కూడా పెట్టకముందు భాగాలను సరిచూసుకోవడానికి పట్టదు.

అందరూ కవర్ బోర్లించి ఒక్కొక్క భాగాన్నీ చేతిలోకి తీసుకుని "ఇదేమిటి" అని చూడడంతో మొదలుపెడతారు. నేను దానికి ఎదురు దిశలో వెళ్లమంటాను. ముందు సర్క్యూట్ ఏమేమి అడుగుతోందో కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత కవర్లోంచి ఆ విలువ ఉన్న భాగాన్ని వెతకండి. ఏది దొరకాలో ముందే తెలిసినప్పుడు రంగులు, అంకెలు చదవడం సగం తేలికవుతుంది. ఎల్‌పీబీ-1 దీనికి చాలా అనువైనది. 1968లో న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ స్థాపించిన ఆ సంస్థ తొలినాళ్లలో తెచ్చిన పెడల్ అది, అందులో ఉన్నది ఒకే ఒక్క ట్రాన్సిస్టర్. బేస్, కలెక్టర్, ఎమిటర్ అనేవి దాని మూడు కాళ్ల పేర్లు. బేస్ దగ్గర ప్లస్ వైపుకు 430 కిలోఓమ్, భూమి (గ్రౌండ్, అంటే బ్యాటరీ మైనస్) వైపుకు 43 కిలోఓమ్, కలెక్టర్ మీద 10 కిలోఓమ్, ఎమిటర్ కింద 390 ఓమ్, లోపలికి వచ్చే దారిలోనూ బయటికి పోయే దారిలోనూ చెరో 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్, చివర 100 కిలోఓమ్ వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్): అసలు సర్క్యూట్ ఇంతే. నేటి బోర్డుల్లో వీటికి తోడు స్విచ్ నొక్కినప్పుడు టప్ మనకుండా ఇన్‌పుట్ దగ్గర ఒక 1 మెగాఓమ్, ఎల్ఈడీకి 4.7 కిలోఓమ్, సరఫరా మీద 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్, బ్యాటరీ తిరగబడితే కాపాడే ఒక డయోడ్ ఉంటాయి. సర్క్యూట్ బొమ్మల్లో 4కె7 అని కనిపిస్తే అది 4.7 కిలోఓమ్‌లే. ఫొటోకాపీలో చుక్క చెరిగిపోతుందని చుక్క ఉండాల్సిన చోట అక్షరం రాసే అలవాటు అది.

రెసిస్టర్లతో మొదలుపెడదాం, ఎందుకంటే మొదటి పెడల్ మోగకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువ వాటా వీటిదే. రంగుల వరుస నలుపు, గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, బూడిద, తెలుపు. విలువలు సున్నా నుంచి తొమ్మిది వరకు. మన పాలిటెక్నిక్‌లలో చదివినవారు దీన్ని "బీ బీ రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్" అనే వాక్యంతో గుర్తుపెట్టుకుంటారు. నాలుగు గీతలున్న రెసిస్టర్లో మొదటి రెండూ అంకెలు, మూడోది పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది, నాలుగోది ఎంత అటూఇటూ ఉండవచ్చో చెబుతుంది. అక్కడ బంగారు రంగు ఉంటే 5 శాతం. మీ దగ్గర ఉన్న అయిదు గీతల రకంలో మొదటి మూడూ అంకెలు, నాలుగోది సున్నాలు, అయిదోది సాధారణంగా గోధుమ, అంటే 1 శాతం. కనుక మీ 10 కిలోఓమ్ రెసిస్టర్ గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ అని ఉండాలి.

ఇప్పుడు అదే రెసిస్టర్‌ను తిప్పి పట్టుకుని చదవండి. గోధుమ, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ అవుతుంది, అంటే 120 ఓమ్‌లు. అది కూడా బజారులో దొరికే మామూలు విలువే కనుక చదివినవారికి అనుమానం రాదు. 100 కిలోఓమ్‌ను తిరగేస్తే 130 ఓమ్‌లు వస్తుంది, అదీ నిజంగా ఉన్న విలువే. చివరి గీతకు ముందు కొంచెం ఎక్కువ ఖాళీ ఉంటుందని పుస్తకాలు చెబుతాయి గాని, ఈ చిన్న నీలం రెసిస్టర్లలో ఆ తేడా కంటికి ఆనదు. పైగా నీలం ఒంటి మీద ఎరుపు, నారింజ, గోధుమ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

ఈ విషయాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నేను కట్టిన మొదటి బూస్టర్లో 430, 43 కిలోఓమ్‌లను తారుమారు చేశాను. ఒకదాని గీతలు పసుపు, నారింజ, నలుపు, నారింజ, గోధుమ. రెండోదాని గీతలు పసుపు, నారింజ, నలుపు, ఎరుపు, గోధుమ. తేడా అంతా నాలుగో గీతలోనే ఉంది, నేను చూసింది రాత్రిపూట పసుపు బల్బు వెలుగులో. పెడల్ మోగలేదు. ట్రాన్సిస్టర్ చెడిందనుకుని రెండు సాయంత్రాలు దాన్నే మార్చుతూ పోయాను, మూడో ట్రాన్సిస్టర్ తీసేసరికి బోర్డు మీది రాగి పొర లేచిపోయింది. ఆ రెండు రెసిస్టర్లూ తారుమారైతే బేస్‌కు అతిగా కరెంటు అంది ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుపోతుంది, కలెక్టర్ దగ్గర అర వోల్టు మిగలడమే గొప్ప. అందులోంచి గిటార్ శబ్దం వచ్చే అవకాశమే లేదు. ఆ రోజు నుంచి నేను మీటర్ పెట్టి చూడకుండా ఒక్క రెసిస్టర్ కూడా బోర్డులో దించలేదు. మీరూ అదే నియమం పెట్టుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

దుకాణాల్లో దొరికే పసుపు రంగు చవక డిజిటల్ మీటర్ దీనికి సరిపోతుంది. నాబ్‌ను 2000కె మీద పెడితే 430 కిలోఓమ్ రెసిస్టర్‌కు 430కి దగ్గరగా అంకె కనిపిస్తుంది, 200కె మీద పెడితే 43 కిలోఓమ్‌కు 43.0 లాంటిది కనిపిస్తుంది. ఎడమ చివర ఒంటరిగా 1 నిలబడితే విలువ ఆ రేంజ్‌ను దాటిందని అర్థం, ఒక మెట్టు పైకి వెళ్లండి. కొలిచేటప్పుడు రెసిస్టర్ రెండు కాళ్లనూ రెండు చేతుల వేళ్లతో నొక్కి పట్టుకోకండి. మన ఒళ్లు కూడా ఒక రెసిస్టరే, చెమట చేతులైతే మరీను. 1 మెగాఓమ్ కొలుస్తుంటే మీటర్ 700 చూపించి మిమ్మల్ని కంగారు పెడుతుంది. ఒక కాలిని వేలితో ఆనించినా పరవాలేదు, రెండోదాన్ని బల్ల మీద ఉంచి ప్రోబ్‌తో తాకండి. అలాగే బోర్డులో దించిన తర్వాత కొలిస్తే పక్కనున్న భాగాలు కూడా లెక్కలోకి వచ్చి విలువ తక్కువగా కనిపిస్తుంది, కనుక కొలతలన్నీ విడిగా ఉన్నప్పుడే ముగించి, ఒక్కొక్కదాన్నీ తెల్లకాగితం మీద గుచ్చి పక్కన విలువ రాసి పెట్టుకోండి.

ఒకవేళ మీ కవర్లో 430, 43 బదులు 470, 47 కనిపిస్తే దుకాణంవారు పొరపాటు చేశారనుకోకండి. 43 అన్ని దుకాణాల్లో ఉండే విలువ కాదు, 47 ఎక్కడైనా దొరుకుతుంది. రెంటినీ కలిపి మార్చినంతవరకు వాటి నిష్పత్తి పదికి ఒకటిగానే ఉంటుంది, 9 వోల్టుల మీద బేస్ దగ్గర ఏర్పడే వోల్టేజీ మారదు. ఒకటి మార్చి ఒకటి ఉంచడం మాత్రం వద్దు.

ఇక కండెన్సర్లు. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్‌లు. అదే 100 నానోఫారడ్‌లు, అదే 0.1 మైక్రోఫారడ్. మన దుకాణాల్లో దీన్నే "పాయింట్ వన్" అంటారు. మీ దగ్గరున్న ఆకుపచ్చది పాలియెస్టర్ ఫిల్మ్, పసుపుది చిన్న సెరామిక్. విలువ ఒకటే కనుక ఈ సర్క్యూట్‌లో రెంటిలో ఏది ఎక్కడ పెట్టినా పెడల్ పనిచేస్తుంది. శబ్దం నడిచే దారిలో నేను ఫిల్మ్ రకమే పెడతాను, ఎందుకంటే కొన్ని సెరామిక్ రకాల విలువ వాటి మీద పడే వోల్టేజీని బట్టి కొంత మారుతుంది, తట్టితే ఆ తట్టు కూడా స్పీకర్లో వినిపించవచ్చు. ఆకుపచ్చదాని మీద 2ఏ104జె అని ఉంటే భయపడకండి, 2ఏ అంటే 100 వోల్టుల వరకు ఓర్చుకుంటుందని, జె అంటే 5 శాతం తేడా అని. కె అయితే 10 శాతం, ఎం అయితే 20. ఇక్కడ తికమక పెట్టేది ఒకటుంది. చిన్న సెరామిక్ బిళ్ల మీద 470 అని ఉంటే అది 47 పక్కన సున్నాలేమీ లేవని, అంటే 47 పికోఫారడ్‌లు కావచ్చు, నేరుగా 470 కూడా కావచ్చు. 471 అని ఉంటే మాత్రం నిస్సందేహంగా 470 పికోఫారడ్‌లే. మీ బూస్టర్లో ఇంత చిన్నవి లేవు గాని, తర్వాత డిస్టార్షన్ కట్టేటప్పుడు ఎదురవుతాయి. చవక మీటర్ వీటిని కొలవలేదు. అప్పటికి ఎల్‌సీఆర్-టీ4 అనే పేరుతో దొరికే చిన్న కాంపొనెంట్ టెస్టర్ కొనుక్కుంటే కండెన్సర్ విలువతో పాటు ట్రాన్సిస్టర్ కాళ్ల పేర్లు కూడా తెర మీద చూపిస్తుంది.

ఈ ఫిల్మ్, సెరామిక్ రకాలకు ప్లస్, మైనస్ అనే తేడా లేదు. ఎలక్ట్రోలైటిక్‌కు ఉంది: పొడవు కాలు ప్లస్, ఒంటి మీద లేతరంగు పట్టీ ఉన్న వైపు మైనస్. కాళ్లు కత్తిరించినా పట్టీ ఉంటుంది కనుక పట్టీనే గుర్తుపెట్టుకోండి. టాంటలమ్ రకంలో మాత్రం గుర్తు ఉన్న కాలే ప్లస్. ఎలక్ట్రోలైటిక్ అలవాటుతో దాన్ని తిప్పి పెట్టినవారిని చాలామందిని చూశాను.

డయోడ్‌లో గీత ఉన్న కొన క్యాథోడ్, అంటే కరెంటు బయటికి వచ్చే కొన. మీ బోర్డులో డయోడ్ బ్యాటరీ ప్లస్ నుంచి సర్క్యూట్‌లోకి వెళ్లే దారిలో ఉంది కనుక గీత సర్క్యూట్ వైపు ఉండాలి. తిరగబడితే పెడల్‌కు కరెంటు అందదు, అంతకు మించి నష్టం లేదు. నల్ల ప్లాస్టిక్ ఒంటి మీద వెండి గీత ఉన్న 1ఎన్4001, 1ఎన్5817 చూడడానికి ఒకేలా ఉంటాయి. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి ఎర్ర ప్రోబ్‌ను గీత లేని కొనకు, నల్లదాన్ని గీత ఉన్న కొనకు ఆనిస్తే మొదటిది 600 చుట్టూ, రెండోది 200 చుట్టూ మిల్లీవోల్టులు చూపిస్తుంది. నారింజ రంగు గాజు గొట్టంలా ఉండే 1ఎన్4148 కూడా 600 చుట్టూనే చూపిస్తుంది, అదే ఆకారంలో జెనర్ డయోడ్‌లు కూడా వస్తాయి. వాటిని ఈ పరీక్షతో వేరు చేయలేం, భూతద్దం పెట్టి అచ్చు చదవాల్సిందే.

ట్రాన్సిస్టర్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉండే ఆ మూడు కాళ్ల నల్ల ముక్క ఆకారాన్ని బట్టి ఏమీ తెలియదు. అదే పెంకులో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఉండవచ్చు, దానికి ప్లస్, మైనస్‌లు ఎదురుగా ఉండే పీఎన్‌పీ ఉండవచ్చు, జె201 లాంటి ఫెట్ (మరో తరహా ట్రాన్సిస్టర్) ఉండవచ్చు, 78ఎల్05 అనే వోల్టేజీ రెగ్యులేటర్ కూడా ఉండవచ్చు. మీకిచ్చిన బీసీ547కు పీఎన్‌పీ జోడీ బీసీ557. పేరులో తేడా ఒక్క అంకె, దుకాణంలో పక్కపక్క డబ్బాల్లో ఉంటాయి. కాబట్టి కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని అచ్చును మొదట చదవండి.

తర్వాత కాళ్ల సంగతి. చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే, 2ఎన్5088లో ఎడమ నుంచి కుడికి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547లో అదే వరుస కలెక్టర్, బేస్, ఎమిటర్. అంటే బోర్డు మీద 2ఎన్5088 కోసం అచ్చువేసిన అర్ధచంద్రాకారంలో బీసీ547ను ఆ బొమ్మ ప్రకారమే దించితే ఎమిటర్, కలెక్టర్ తారుమారవుతాయి. అలా పెట్టిన ట్రాన్సిస్టర్ కాలిపోదు గాని గుణకం (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) పడిపోయి, శబ్దం సన్నగా చిరిగినట్టు వస్తుంది, లేదా అసలే రాదు. బేస్ రెంటిలోనూ మధ్యలోనే ఉంది కనుక బొమ్మకు సరిగ్గా ఎదురుగా, చదును ముఖం అవతలి వైపు ఉండేలా తిప్పి పెడితే సరిపోతుంది. కాని బేస్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందని నమ్మకండి. జపాన్ రకమైన 2ఎస్‌సీ1815లో మధ్య కాలు కలెక్టర్.

దీన్ని మీటర్‌తో నిర్ధారించుకోవచ్చు. డయోడ్ గుర్తు మీదే ఉంచి ఎర్ర ప్రోబ్‌ను మధ్య కాలికి ఆనించి, నల్లదానితో రెండు పక్క కాళ్లనూ ఒక్కొక్కటిగా తాకండి. రెండుచోట్లా 600 పైచిలుకు అంకె వస్తే అది ఎన్‌పీఎన్, మధ్య కాలు బేస్. నల్ల ప్రోబ్ మధ్యలో ఉన్నప్పుడు అలా వస్తే పీఎన్‌పీ. రెండు అంకెల్లో రవ్వంత పెద్దది ఎమిటర్ వైపుది. నా బల్ల మీదున్న ఒక బీసీ547లో అవి 668, 664. తేడా అంత చిన్నది కనుక వేళ్ల వేడి తగలకుండా కాసేపు బల్ల మీద ఉంచి కొలవండి. ఇంకా నమ్మకమైన దారి మీటర్ మీద గుణకాన్ని కొలిచే హెచ్ఎఫ్ఈ రంధ్రాలు. ఎన్‌పీఎన్ వైపు ఇ, బి, సి అని ఉన్న రంధ్రాల్లో సరిగ్గా గుచ్చితే బీసీ547బికి 200 నుంచి 450 లోపు అంకె వస్తుంది, తిప్పి గుచ్చితే పది చుట్టూ పడిపోతుంది. రెండు విధాలా గుచ్చి చూసి, పెద్ద అంకె వచ్చిన తీరును కాగితం మీద బొమ్మ గీసుకోండి.

2ఎన్5088 గుణకం కనీసం 300, బీసీ547లో బి రకానికి అంతకన్నా తక్కువ ఉండవచ్చు కదా, శబ్దం తగ్గదా అని మీకు సందేహం రావచ్చు. ఈ సర్క్యూట్‌లో శబ్దం ఎన్ని రెట్లు పెరగాలో నిర్ణయించేది ప్రధానంగా 10 కిలోఓమ్‌కు, 390 ఓమ్‌కు మధ్య నిష్పత్తి. అది ఇరవై రెట్లకు కొంచెం అటూఇటూగా తేలుతుంది, ట్రాన్సిస్టర్ మారినా పెద్దగా మారదు. కనుక దుకాణంలో ఇచ్చిన ప్రత్యామ్నాయం మంచిదే. శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్స్ విషయం వేరు. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్‌లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడారు, అక్కడ ఒక్కొక్క ముక్క గుణకం, లీకేజీ కొలిచి ఎంచుకుంటేనే ఆ స్వరం వస్తుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లోనే జెర్మేనియం భాగాల తయారీ మొదలుపెట్టింది, ఆ సంస్థ పేరున్న ఏసీ128 మన పాత రేడియోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంట్లో మూలపడిన ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే పారేయకండి, మీ మూడో నాలుగో పెడల్‌కు అది నిధి. ఏసీ128 మాత్రం పీఎన్‌పీ రకమని గుర్తుంచుకోండి.

పాట్ మీద బీ100కే అంటే నాబ్ తిప్పినంత మేర సమానంగా మారే లీనియర్ రకం, ఏ100కే అంటే మొదట నెమ్మదిగా, చివర వేగంగా మారే, వాల్యూమ్‌కు వాడే లాగ్ రకం. పాత యూరప్ పాట్‌లలో ఈ అక్షరాలు తిరగబడి ఉంటాయి కనుక కొలిచి తెలుసుకోవడమే మేలు: నాబ్‌ను సరిగ్గా మధ్యలో నిలిపి మొదటి కాలికీ మధ్య కాలికీ నడుమ చూస్తే బీ రకంలో 50 కిలోఓమ్, ఏ రకంలో 10 నుంచి 15 కిలోఓమ్ వస్తుంది. మీ దగ్గరున్న బీ రకంతోనూ పెడల్ పనిచేస్తుంది, శబ్దం మాత్రం నాబ్ తిప్పిన మొదటి పావు వంతులోనే చాలావరకు పెరిగిపోయి తర్వాత నెమ్మదిస్తుంది. మొదటిదానికి అదే ఉంచండి, మళ్లీ గుజరాతీ గల్లీ వెళ్లినప్పుడు ఏ100కే తెచ్చుకోండి.

తొమ్మిది కాళ్ల ఫుట్ స్విచ్‌ను కంటిన్యూటీ బీప్‌తో పరీక్షించండి. ఒక స్థితిలో మధ్య వరుస ఒక పక్క వరుసతో, నొక్కాక రెండో పక్క వరుసతో కలుస్తుంది. అలా కలిసే వరుసలు ఎటు పోతున్నాయో తెలిస్తే స్విచ్‌ను ఎటు తిప్పి అమర్చాలో తెలిసిపోతుంది. ఇన్‌పుట్ జాక్ స్టీరియో రకమైతే పొరపాటున ఇచ్చారనుకోకండి: గిటార్ త్రాడు గుచ్చినప్పుడే బ్యాటరీ మైనస్ కలిసేలా మూడో కాలిని స్విచ్‌గా వాడతారు.

అడాప్టర్ గురించి హెచ్చరించకుండా ఉండలేను. గిటార్ పెడల్స్‌లో ప్లగ్ మధ్య భాగం మైనస్, బయటి చుట్టు ప్లస్. ఇళ్లలో ఉండే రూటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లు దాదాపు అన్నీ దీనికి ఎదురు, పైగా చాలావరకు 12 వోల్టులవి. ప్లగ్ మాత్రం చక్కగా పట్టేస్తుంది. మీటర్ ఎర్ర ప్రోబ్‌ను ప్లగ్ మధ్య రంధ్రంలో, నల్లదాన్ని బయటి చుట్టుకు పెట్టండి. అంకె ముందు మైనస్ గుర్తుతో 9కి దగ్గరగా కనిపిస్తేనే అది పెడల్‌కు పనికొస్తుంది. మొదటిసారి మాత్రం కొత్త 9 వోల్టుల బ్యాటరీతోనే చూడండి.

అన్నీ దించాక గిటార్ తగిలించకముందే బ్యాటరీ పెట్టి, నల్ల ప్రోబ్‌ను భూమికి ఆనించి మూడు చోట్ల వోల్టేజీ చూడండి. బేస్ దగ్గర 0.75 చుట్టూ, ఎమిటర్ దగ్గర 0.2 చుట్టూ, కలెక్టర్ దగ్గర 4 నుంచి 5 వోల్టుల మధ్య ఉండాలి. కలెక్టర్ అర వోల్టుకు పడిపోతే 430, 43 తారుమారయ్యాయేమో, 8 దాటి ఉంటే ట్రాన్సిస్టర్ తిరగబడిందేమో చూడండి. ఆ రెండూ సరిగ్గానే ఉండి శబ్దం రాకపోతే ఆ మూడు అంకెలూ, బోర్డుకు పైనుంచీ కిందనుంచీ పగటి వెలుగులో తీసిన రెండు ఫొటోలూ పంపండి, చూసి చెబుతాను.